నాలుగు ఆదివారాలు, మూడంతస్తుల మెట్లు, ఒక మెక్సికో హీరోయిన్: చెన్నైలో ఓ ఫిల్మ్ క్లబ్ పాస్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, క్లబ్ పేరు రాయట్లేదు. తిట్లు కూడా ఉన్నాయి ఇందులో, నడిపేది ముగ్గురు కుర్రాళ్ళు, జేబులో డబ్బులు పెట్టుకుని నడుపుతున్నారు, వాళ్ళ పేరు చెడగొట్టడం నాకు ఇష్టం లేదు. ఆళ్వార్‌పేట వైపు పాత బిల్డింగ్ మూడో అంతస్తులో హాలు, లిఫ్ట్ లేదు, ఆదివారం సాయంత్రం ఆరింటికి షో, నాలుగు వారాల పాస్ 1200 రూపాయలు, కాఫీ సుండల్ అందులోనే. ఈసారి డోలోరెస్ డెల్ రియో అని పాత మెక్సికో హీరోయిన్ సినిమాలు వేశారు. నాకు ఆవిడెవరో అప్పటిదాకా తెలీదు, నిజం చెప్తున్నా, నేను వెళ్ళింది మా బాబాయ్ కోసం.

బాబాయ్‌కి ఇప్పుడు 79. కోడంబాక్కంలో కెమెరా అసిస్టెంట్‌గా మొదలుపెట్టి స్టూడియోల చుట్టూ ముప్ఫై ఏళ్ళు తిరిగిన మనిషి, బ్లాక్ అండ్ వైట్ చివరి రోజులు చూశాడు. ఇప్పుడు సాలిగ్రామంలో ఇంట్లో కూర్చుని పిన్ని సీరియళ్ళ గోల భరించలేక బాల్కనీలోనే ఉంటున్నాడు. బ్లాక్ అండ్ వైట్ సినిమాలట, పెద్ద స్క్రీనట అనగానే "ఎక్కడే అమ్మడూ, ఏ ఆటో ఎక్కాలి" అని చొక్కా మార్చుకోవడానికి లేచాడు. మెట్లు మాత్రం మోకాళ్ళు పట్టుకుని, ప్రతి అంతస్తులో ఆగి ఆగి ఎక్కాడు పాపం. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఇది చూసుకోండి, క్లబ్ వాళ్ళు ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు, అడిగితే "కొంచెం అడ్జస్ట్ పణ్ణుంగో సార్" అన్నారు.

ఇక పోస్టర్ సంగతి. మెట్ల దగ్గర పెద్ద పోస్టర్, ఒక కనుబొమ్మ పైకి లేపి మనల్ని పురుగుని చూసినట్టు చూస్తున్న ఒక అందగత్తె ఫోటో, కింద డోలోరెస్ డెల్ రియో అని పేరు. సినిమా మొదలయ్యాక చూస్తే స్క్రీన్ మీద ఉన్నావిడ ఆవిడ కాదు! ఇంటర్వెల్‌లో ఫోన్‌లో వెతికితే పోస్టర్ మీద ఉన్నది మరియా ఫెలిక్స్, మెక్సికోలోనే ఇంకో పెద్ద హీరోయిన్. బాబాయ్‌కి చెప్తే నవ్వి, "సావిత్రి ఫెస్టివల్ అని చెప్పి భానుమతి గారి ఫోటో వేస్తే ఎట్టా ఉంటదో అట్టా ఉంది" అన్నాడు, నాలుగు వారాలూ ఆ పోలికే పట్టుకుని కూర్చున్నాడు, పట్టుకోవడం కూడా కరెక్టే అనిపించింది నాకు. నిర్వాహకుడికి చెప్తే ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఫోన్ చూపిస్తే నాలుక కరుచుకున్నాడు, కానీ పోస్టర్ మాత్రం నాలుగో వారం దాకా అలాగే ఉంది.

మొదటి వారం సినిమా 1933 నాటి 'ఫ్లయింగ్ డౌన్ టు రియో'. హాలీవుడ్ మ్యూజికల్. విమానం రెక్కల మీద అమ్మాయిల్ని వరసగా నిలబెట్టి గాల్లో డాన్స్ చేయిస్తారు, అది చూసి బాబాయ్ ముందుకు వంగి "ఫ్లోర్‌లోనే తీశారు, వెనక ప్రొజెక్షన్" అని గట్టిగా అన్నాడు, ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. డోలోరెస్ ఇందులో బ్రెజిల్ అమ్మాయి. పేరుకి హీరోయిన్, చాలా అందంగా ఉంటుంది, మంచి మంచి గౌన్లు వేసుకుంటుంది, అంతే. ఈ సినిమాని ఇవాళ జనం గుర్తుపెట్టుకున్నది ఆవిడ కోసం కాదు, ఫ్రెడ్ అస్టైర్, జింజర్ రోజర్స్ మొదటిసారి కలిసి డాన్స్ చేసిన సినిమా అని. సైడ్ క్యారెక్టర్లలా వచ్చి సినిమా మొత్తం లాక్కుపోయారు వాళ్ళిద్దరూ. సరదాగా ఉంది, కానీ ఈవిడ గురించి తెలుసుకోవాలంటే ఇది మొదటి సినిమా కాకూడదు, ఇది చూసి ఒకాయన రెండో వారం రావడమే మానేశాడు.

షోకి ముందు పరిచయం పేరుతో 40 నిమిషాల ఉపన్యాసం ఉంటుంది, సగం ఇంగ్లీషు సగం తమిళం, ప్రతి వారం. అందులో పనికొచ్చే ముక్కలు నేను ఏరుకున్నవి చెప్తా. 1904లో దురాంగోలో పుట్టింది, డబ్బున్న కుటుంబం, నాన్న బ్యాంకులో పెద్ద పదవి, మెక్సికోలో విప్లవం వచ్చేసరికి ఉన్నదంతా వదిలేసి మెక్సికో సిటీకి పారిపోయి వచ్చారు. పదహారేళ్ళకే పెళ్ళి, ఆయన పేరు హైమే మార్టినెస్ డెల్ రియో, ఈ డెల్ రియో ఆయన ఇంటిపేరే. తర్వాత విడిపోయారు, 1928లో ఆయన బెర్లిన్‌లో పోయాడు, పేరు మాత్రం చివరిదాకా ఈవిడతోనే ఉండిపోయింది. 1925లో ఎడ్విన్ కెర్యూ అనే అమెరికా డైరెక్టర్ చూసి హాలీవుడ్ తీసుకెళ్ళాడు. మూకీ రోజుల్లో 'వాట్ ప్రైస్ గ్లోరీ', 'రెసరెక్షన్', 'రామోనా', ఇలా పెద్ద స్టార్ అయిపోయింది. టాకీ వచ్చాక తెలిసిందేగా, యాస ఉన్న మనిషికి ఏం వేషాలిస్తారు, దీవిలో రాజకుమారి, ఏదో దేశం డాన్సరు. 1938లో అమెరికాలో కొంతమంది థియేటర్ ఓనర్లు వీళ్ళ సినిమాలు ఆడట్లేదు, వీళ్ళు బాక్సాఫీసుకి విషం అని పేపర్లో ఒక లిస్టు వేయించారట, అందులో గ్రెటా గార్బో, కేథరిన్ హెప్‌బర్న్, జోన్ క్రాఫోర్డ్ ఉన్నారు, ఈవిడ కూడా ఉంది.

ఇంతవరకు బానే ఉంది. నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఆ ఉపన్యాసంలో ముప్పావు వంతు ఆవిడ మగవాళ్ళ గురించే. రెండో మొగుడు సెడ్రిక్ గిబ్బన్స్ ఎంజీఎం స్టూడియోలో ఆర్ట్ డైరెక్టర్, ఆస్కార్ బొమ్మ డిజైన్ చేసిన పేరు ఆయనదే, సరే. 'సిటిజన్ కేన్' తీసిన డైరెక్టర్ ఆర్సన్ వెల్స్‌తో ప్రేమ, అది ఒక ఇరవై నిమిషాలు లాగాడు ఆ ఉపన్యాసం ఇచ్చే అబ్బాయి. ఆస్కార్ బొమ్మకి మోడల్‌గా నిలబడింది తర్వాత ఈవిడతో సినిమాలు తీసిన ఎమీలియో ఫెర్నాండెస్ అని ఒక కథ, నిరూపించినవాళ్ళెవరూ లేరు, అది ఒక పది నిమిషాలు. ఎవరు ఎంత అందగత్తె అన్నారు, ఎవరు బొమ్మ గీశారు, ఇదే గోల. ఆవిడ యాభై ఏళ్ళు పని చేసిన మనిషి కదయ్యా, పని గురించి చెప్పరేంటి?

రెండో వారం. ఇక్కడ ఆగి చెప్పాలి.

'మరియా కాండెలారియా', 1943లో తీసింది, డైరెక్టర్ పైన చెప్పిన ఎమీలియో ఫెర్నాండెస్, కెమెరా గాబ్రియెల్ ఫిగెరోవా. హాలీవుడ్ వదిలేసి సొంత దేశం వచ్చాక అదే టీమ్‌తో 'ఫ్లోర్ సిల్వెస్ట్రే' తర్వాత రెండోది. ఆ డైరెక్టర్ కథని పేపర్ న్యాప్‌కిన్ల మీద రాసి ఆవిడ పుట్టినరోజుకి కానుకగా ఇచ్చాడని చెప్పుకుంటారు. కథ సోచిమిల్కోలో, అంటే మెక్సికో సిటీ పక్కన కాలువల మధ్య పూలతోటలు ఉన్న ఊరు, కాలం 1909. మరియా పూలమ్ముకునే అమ్మాయి, వాళ్ళమ్మ చెడ్డదని ఊళ్ళోవాళ్ళు ఈ పిల్లని కూడా వెలివేశారు, పడవలో పూలు వేసుకుని వస్తే కాలువకి అడ్డంగా పడవలు పెట్టి రానివ్వరు. ఆ పిల్లకీ, ప్రేమించిన లొరెంసో రాఫాయెల్‌కీ ఉన్న ఆస్తి ఒక పందిపిల్ల, అది పెరిగితే అమ్మి పెళ్ళి చేసుకోవాలని. కొట్టు నడిపే దమియాన్ అనేవాడికి బాకీ, వాడికి ఈ పిల్ల మీద కన్ను, లొంగట్లేదని ఆ పందిపిల్లని కాల్చి పడేస్తాడు. మలేరియా వస్తే గవర్నమెంటు పంపిన క్వినైన్ కూడా వాడి చేతిలోనే, ఇవ్వడు. చివరికి ఒక పెయింటర్ ఈవిడ ముఖం గీసి, ఒళ్ళు మాత్రం వేరే మోడల్‌ని బట్టల్లేకుండా పెట్టి గీస్తాడు, ఊరు అది చూసి ఈవిడే అనుకుని రాళ్ళు తీసుకుని వెంటబడుతుంది. కథ చెప్పేశానని తిట్టకండి, సినిమా మొదట్లోనే తెలిసిపోతుంది అమ్మాయి బతకదని.

ఇందులో సబ్‌టైటిల్స్ అస్సలు కుదరలేదు, మనిషి మాట్లాడేసి వెళ్ళిపోయాక అక్షరాలు పడుతున్నాయి, సగం నుంచి మొత్తానికే ఆగిపోయాయి. నలుగురైదుగురు లేచి గొడవ చేశారు. ఆ అబ్బాయి లాప్‌టాప్ దగ్గర చెమటలు కక్కుతున్నాడు. మా బాబాయ్ మాత్రం చెయ్యి ఊపి "ఆపద్దు, ఉండనీ, బొమ్మ చూడనీయండయ్యా" అన్నాడు. నిజంగానే ఆ తర్వాత అక్షరాలు లేకుండా చూశాం, ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు. ఆ ఆకాశం ఉంది చూడండి, నల్లగా, మధ్యలో తెల్లటి మబ్బులు చెక్కినట్టు, "ఎర్ర ఫిల్టర్ వేశాడే, ఎండ కోసం పొద్దంతా కాచుకుని ఉంటాడు" అన్నాడు. ఫిగెరోవా హాలీవుడ్ వెళ్ళి గ్రెగ్ టోలండ్ దగ్గర పని నేర్చుకుని వచ్చినాయన అని ఉపన్యాసంలో ఒక్క వాక్యం చెప్పారు, టోలండ్ అంటే 'సిటిజన్ కేన్' కెమెరామన్. బాబాయ్ ఆ పేరు వినగానే నిటారుగా కూర్చున్నాడు.

చివర్లో లొరెంసో ఆ అమ్మాయి శవాన్ని పూలతో పడవలో పెట్టుకుని కాలువలో వెళ్తుంటాడు. హాలంతా నిశ్శబ్దం. బాబాయ్ ఏడుస్తున్నాడేమో అని చూశాను, లేదు, పడవనే చూస్తున్నాడు. బయటికి వచ్చాక ఆటోలో చెప్పాడు, 'మాయాబజార్'లో లాహిరి లాహిరి పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ గారు వెన్నెల ఎలా పుట్టించాడో ఆ రోజుల్లో అసిస్టెంట్లంతా దాని గురించే మాట్లాడుకునేవాళ్ళట, పడవంటే నీళ్ళు కదులుతాయి, నీళ్ళు కదిలితే వెలుతురు కదులుతుంది, మనిషి ముఖం మాత్రం నిలకడగా ఉండాలి, అది చేతకావాలంటే ముప్ఫై ఏళ్ళు కావాలి అని. సాలిగ్రామం వచ్చేదాకా అదే మాట.

నాకైతే వేరేది తట్టింది. బ్యాంకు ఆఫీసర్ కూతురు, హాలీవుడ్‌లో సిల్కు గౌన్లు వేసుకున్న మనిషి, 39 ఏళ్ళ వయసులో జడలు వేసుకుని కాళ్ళకి చెప్పుల్లేకుండా పల్లెటూరి ఆదివాసీ పిల్లగా చేసింది. నమ్మశక్యంగా ఉందా అంటే, వయసు తెలుస్తుంది కొన్ని షాట్లలో, ముఖం మరీ దేవుడి పటంలా వెలిగిపోతుంటుంది, పేదపిల్ల అలా ఉండదు. ఆ మాట నేనంటే బాబాయ్ ఒప్పుకోలేదు, "మన సినిమాల్లో పేదపిల్ల ఎప్పుడైనా పేదగా ఉందా" అన్నాడు. సరే. కానీ హాలీవుడ్‌లో ఆ ముఖాన్ని షోకేసులో బొమ్మలా పెట్టారు, ఇక్కడ అదే ముఖంతో పని చేయించారు, తేడా రెండు ఆదివారాల్లో పక్కపక్కన చూస్తే తెలిసిపోతుంది. ఆ మొదటి సినిమా అందుకే వేశారేమో అని అప్పుడు అనిపించింది, అలా అయితే తెలివైన పనే, ముందే చెప్పి ఉంటే ఆ మానేసినాయన కూడా వచ్చేవాడు.

ఇంకో సంగతి, ఈ సినిమాకి 1946లో ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రీ, అంటే అక్కడి పెద్ద బహుమతి వచ్చింది. అదే సంవత్సరం అదే గ్రాండ్ ప్రీ పంచుకున్న పదకొండు సినిమాల్లో మన చేతన్ ఆనంద్ 'నీచా నగర్' కూడా ఒకటి. చెన్నైలో కూర్చుని ఈ సినిమా చూపిస్తూ ఆ ముక్క చెప్పలేదు చూడండి వీళ్ళు! నేనే లేచి చెప్పాను.

మూడో వారం 'లా ఓట్రా', 1946, డైరెక్టర్ రొబెర్తో గవాల్దోన్. ఇది చూడండి, దొరికితే తప్పకుండా చూడండి. కవలలు, ఒకామె డబ్బున్న విధవరాలు, ఇంకొకామె సెలూన్‌లో గోళ్ళు కత్తిరించి రంగు వేసే పిల్ల. పేదావిడ డబ్బున్నావిడని చంపి ఆమె చోట్లో కూర్చుంటుంది, కూర్చున్నాక తెలుస్తుంది ఆ అక్క ముందే మొగుణ్ణి చంపించిందని, ఇక చూడండి. తర్వాత 1964లో హాలీవుడ్ వాళ్ళు బెట్టీ డేవిస్‌ని పెట్టి ఇదే కథ 'డెడ్ రింగర్' అని తీశారు. అదే 1964లో మనకి 'రాముడు భీముడు' వచ్చింది, బాబాయ్‌కి ఇక పట్టపగ్గాలు లేవు, ఇంటర్వెల్‌లో నలుగురు కుర్రాళ్ళని చుట్టూ పెట్టుకుని డబుల్ యాక్షన్ ఎలా తీసేవాళ్ళో, లెన్సు ముందు సగం మాస్క్ పెట్టి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, కెమెరా ఇంత కూడా కదలకుండా కాళ్ళకి ఇసుక మూటలు కట్టి, అన్నీ చెప్పాడు. ఆ పది నిమిషాలు ఆ వారం ఉపన్యాసం కంటే బాగుంది, నిజంగా. ఆ నిర్వాహకుడు కూడా నోట్సు రాసుకున్నాడు, ఆ సంగతి మెచ్చుకోవాలి.

కాఫీ గురించి రెండు ముక్కలు. ఫిల్టర్ కాఫీ బాగుంది, సుండల్ వేడిగా ఉంది. మూడో వారం మెక్సికో స్పెషల్ అని నాచోస్ పెట్టారు, మెత్తబడిపోయి ఉన్నాయి, బాబాయ్ ఒకటి నమిలి "అప్పడం వానలో తడిసిందా" అని పక్కన పెట్టేశాడు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, రెండు గంటలకి నడుం పోతుంది.

నాలుగో వారం 'లా కుకరాచా', 1959, కలర్. పోస్టర్ మీదున్నావిడ వచ్చేసింది! మరియా ఫెలిక్స్, డోలోరెస్ డెల్ రియో ఇద్దరూ కలిసి చేసిన ఒకే ఒక్క సినిమా ఇదే. విప్లవం కథ. ఫెలిక్స్ తుపాకీ పట్టుకుని, మగవాళ్ళని గదమాయిస్తూ సైన్యంతో తిరిగే ఆడది, డోలోరెస్ నల్ల బట్టల్లో ఒక టీచరు భార్య, మొగుడు యుద్ధంలో పోయినావిడ. ఇద్దరూ ఒకే కల్నల్ కోసం, ఆ కల్నల్ వేషం వేసింది ఎవరంటే, వీళ్ళిద్దరినీ వేరే వేరే సినిమాల్లో డైరెక్ట్ చేసిన ఎమీలియో ఫెర్నాండెసే! ఫెలిక్స్ తెరమీదకి రాగానే హాల్లో ఈలలు పడ్డాయి. 'దోన్యా బార్బరా' చేసిన దగ్గర్నుంచి మెక్సికో అంతా ఆవిడని లా దోన్యా అనేది, మన వాడుకలో దొరసాని గారు అన్నట్టు. ఆవిడ హాలీవుడ్ మెట్టు ఎక్కనే లేదు, ఇచ్చిన వేషాలు నచ్చక. 2002లో సరిగ్గా తన 88వ పుట్టినరోజు నాడే పోయింది. భానుమతి గారే, ఒప్పుకుంటున్నా బాబాయ్. కానీ సినిమా అయ్యాక ఆలోచిస్తే నా కళ్ళలో మిగిలింది డోలోరెస్. ఫెలిక్స్ అరుస్తుంటే ఈవిడ ఊరికే నిలబడి వింటుంది, ఆ వినడమే చాలు.

ఆ రోజు చివర్లో మిగతా జీవితం గబగబా చెప్పేశారు. 1954లో 'బ్రోకెన్ లాన్స్'లో వేషం వస్తే, కమ్యూనిస్టుల వైపని అనుమానం పెట్టి అమెరికా వీసా ఇవ్వలేదు. ఆ వేషం కేటీ హురాడోకి వెళ్ళి ఆమెకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 'మిస్సమ్మ'లో భానుమతి గారి చోట్లోకి సావిత్రి వచ్చినట్టు, కారణాలు వేరనుకోండి. 1960లో మళ్ళీ హాలీవుడ్, 'ఫ్లేమింగ్ స్టార్'లో ఎల్విస్ ప్రెస్లీకి అమ్మగా. 1983లో కాలిఫోర్నియాలో పోయింది, మెక్సికో సిటీలో ప్రముఖుల సమాధుల దగ్గర పెట్టారు. ఇదంతా అయ్యాక ఆ అబ్బాయి లాప్‌టాప్ మూసేస్తూ, ఆ ఇంకోటి, 1970ల్లో నటీనటుల సంఘం తరఫున వాళ్ళ పిల్లల కోసం ఒక శిశువిహారం పెట్టించింది, చాలా ఏళ్ళు దగ్గరుండి చూసుకుంది, అన్నాడు. ఒక్క వాక్యం. వెల్స్‌కి ఇరవై నిమిషాలు, దీనికి ఒక వాక్యం.

బాబాయ్ చెయ్యెత్తాడు. "అదెట్టా నడిచింది? ఎంతమంది పిల్లలు? రాత్రి షూటింగ్ ఉంటే?" అని. ఆ అబ్బాయికి తెలీదు. బాబాయ్ కూర్చోలేదు, నిలబడే చెప్పాడు, మా రోజుల్లో జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఫ్లోర్‌కే తెచ్చుకునేవాళ్ళు, సెట్ వెనక చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్ళు, ఆర్క్ లైట్ల వేడికి పిల్లలు ఏడిస్తే సౌండ్ పాడయిందని తల్లిని తిట్టేవాళ్ళు, నేను కూడా ఒకసారి తిట్టాను అని. ఇది నాతో ఎప్పుడూ అనలేదు. నలభై మంది ఉన్న హాల్లో అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత మంచినీళ్ళు తెచ్చిచ్చారు ఆయనకి.

మొత్తానికి సినిమాల ఎంపికకి నాలుగు, కాఫీకి నాలుగు, సబ్‌టైటిల్స్‌కి ఒకటి, పోస్టర్‌కి సున్నా, ఉపన్యాసానికి రెండు, అదీ చివరి వాక్యానికే. వెళ్ళేవాళ్ళు అయిదున్నరకల్లా వెళ్ళండి, మెట్రో పనుల వల్ల అటువైపు రోడ్డు సగం మూసేశారు, ఆటోవాళ్ళు రెండు సందుల ముందే దింపేస్తారు. వెనక వరసలో ఫ్యాన్ కింద కూర్చోండి, దిండు తెచ్చుకోండి, దోమల మందు రాసుకోండి. వచ్చే నెల మరియా ఫెలిక్స్ పాస్ అట, అదే 1200, పోస్టర్ ఉందిగా రెడీగా. మా ఇద్దరికీ డబ్బులు కట్టేశాను, ఈసారి ఉపన్యాసంలో పావుగంట మీరు మాట్లాడండి సార్ అని బాబాయ్‌ని అడిగారు, ఆయన ఇప్పట్నుంచే పాత డైరీలు తీసి బాల్కనీలో పరుచుకుని కూర్చున్నాడు, పిన్ని వచ్చి ఆ చెత్తంతా ఏంటని అరుస్తోంది.